మోకాలి నొప్పికి మూలము తుంటిలో

ఇంటిలో 12, 13 ఏండ్ల పిల్లవాడు. కొంచెము బొద్దుగా నుండును. కొన్ని వారములుగా మోకాలు నొప్పి యనుచున్నాడు. నడకలో కొద్దిపాటి కుంటు కూడ కనబడుచున్నది. ఆటలో ఎక్కడనో తగిలియుండునని తండ్రి తలచును. ఎదుగు పిల్లలకు కాళ్లనొప్పులు సహజమని నాయనమ్మ సమాధానపరచును. నూనె కాచి మర్దన చేయుదురు. చివరకు మోకాలికి ఎక్స్‌రే తీయింపగా అందు దోషమేమియు కనబడదు. ఇంటిల్లిపాదియు ఊపిరి పీల్చుకొందురు. కాని దోషము మోకాలిలో లేదు. దానికి పైన, తుంటి కీలులో నున్నది. అచ్చట తొడ ఎముక తల తన నెలవునుండి రోజురోజునకు కొంచెము కొంచెముగా తొలగుచున్నది. వైద్యులు దీనిని స్లిప్‌డ్ క్యాపిటల్ ఫెమొరల్ ఎపిఫిసిస్ అందురు. మనము దీనిని తొడ ఎముక తల జారుట యందము. ఇది తరచుగా కనబడు జబ్బు కాదు. అయినను కనుగొనుటలో జరుగు ఆలస్యము ఒక్కొక్కప్పుడు జీవితాంతము బాధించును. కావుననే దీనిని గూర్చి తల్లిదండ్రులు తెలిసికొనుట అవసరము.

తుంటి కీలు బంతియు గిన్నెయు కలిసినట్టి నిర్మాణము. తొడ ఎముక పైకొన గుండ్రని బంతివలె నుండును. దానినే తల యందురు. తల క్రింద వాలుగా సాగు సన్నని భాగము మెడ. కటి ఎముకలోని లోతైన గిన్నెలో తల ఇమిడి తిరుగుచుండుటచేతనే మనము నడువగలుగుచున్నాము, కూర్చుండగలుగుచున్నాము. పెద్దవారిలో తలయు మెడయు ఏకమైన ఎముక. పిల్లలలో అట్లు కాదు. ఆ రెంటి నడుమ మృదులాస్థితో నేర్పడిన పలుచని పొర యొకటి యుండును. అదియే ఎదుగుదల పలక. అందలి కణములు విభజనచెంది, ఉబ్బి, క్రమముగా ఎముకగా మారుటవలన ఎముక పొడవు పెరుగును. ఎదుగుదల ముగియునప్పటికి ఆ పలక కూడ గట్టిపడి తలను, మెడను శాశ్వతముగా అతికివేయును.

గోడ కట్టునపుడు ఇటుకల నడుమ సున్నము ఆరకముందే ప్రక్కనుండి ఒత్తిడి తగిలినచో పైవరుస జరుగును. ఎదుగుదల పలక కూడ అట్టి పచ్చి అతుకు వంటిదే. యౌవనారంభమున పిల్లలు హఠాత్తుగా పొడవెదుగు కాలములో ఈ పలక దళసరియగును, కాని దాని బిగువు తగ్గును. దానిని చుట్టియుండి బలమిచ్చు కట్టు పలుచబడును. పలక వాలు కూడ హెచ్చును. పరుగెత్తునపుడు, దుముకునపుడు తుంటిపై పడు భారము శరీరపు బరువునకు అనేక రెట్లుండును. ఇవన్నియు కలిసివచ్చినపుడు అతుకు సడలును. తల జారినదని వాడుకలో అన్నను, నిజమునకు తల గిన్నెలోనే నిలిచియుండును. మెడయే ముందునకు, పైకి జరిగి, వెలుపలికి తిరుగును. కావుననే ఆ కాలి పాదము నడకలో బయటి ప్రక్కకు తిరిగియుండును.

ఈ జబ్బు సాధారణముగా 10 మొదలు 16 ఏండ్ల లోపల కనబడును. బాలురలో హెచ్చు. బాలికలకు ఒకటి, రెండేండ్లు ముందుగా వచ్చును. స్థూలకాయము ముఖ్యమైన కారణము. నేడు మన నగరములలో పిల్లల బరువు హెచ్చుచున్నందున ఈ విషయము ఉపేక్షింపదగినది కాదు. అయినను సన్నని పిల్లలకు రాదని తలపరాదు. థైరాయిడ్ గ్రంథి మందగించిన వారిలో, ఎదుగుదల హార్మోను లోపము గలవారిలో, మూత్రపిండముల వ్యాధి గలవారిలో ఎదుగుదల పలక బలహీనముగా నుండును. 10 ఏండ్ల లోపుననో, 16 దాటిన పిమ్మటనో ఈ జబ్బు కనబడినచో వైద్యుడు ఇట్టి కారణములకై రక్తపరీక్షలు చేయించును. మన దేశములో విటమిన్ డి లోటు విస్తారముగా నున్నందున దానిని కూడ పరీక్షించుట మంచిది.

తుంటిలో దోషముండగా మోకాలేల నొచ్చును? తుంటి కీలునకును, మోకాలి లోపలి భాగమునకును ఒకే నాడి శాఖలు వ్యాపించియున్నవి. ఒకే తీగమీద రెండిండ్లనుండి కబురు వచ్చినచో అది ఏ యింటిదో చెప్పుట కష్టము. మెదడు కూడ అట్లే పొరబడి తుంటి బాధను మోకాలికి ఆరోపించును. కొందరికి గజ్జలో, కొందరికి తొడలో నొప్పి యుండును. కొందరికి మోకాలిలో తప్ప మరెచ్చటను ఉండదు. పిల్లవాడు అబద్ధమాడుట లేదు, బడికి ఎగనామము పెట్టుటకు నటించుటయు లేదు. అతనికి మోకాలు నొచ్చుచున్న మాట వాస్తవమే. కావుననే మోకాలు నొప్పి యని వచ్చిన పిల్లలకు తుంటిని కూడ తప్పక పరీక్షింపవలెనని వైద్యవిద్యార్థులకు బోధింతురు.

వెల్లకిల పరుండబెట్టి మోకాలిని రొమ్మువైపు వంచినపుడు తొడ తిన్నగా రాక తనంతట తాను వెలుపలికి తిరుగుట ఈ జబ్బునకు ముఖ్యమైన గుర్తు. ఈ పరీక్షను వైద్యుడే చేయవలెను. పెద్దలు ఇంటిలో చేసిచూడరాదు. అయితే పిల్లవాడు గొంతుకూర్చున్నపుడు మోకాలు ఎదుటికి రాక ప్రక్కకు తొలగుటను తల్లి సులభముగా గమనింపవచ్చును.

ఫ్రెంచి శస్త్రవైద్యుడు ఆంబ్రోయిజ్ పారే 1572లోనే ఈ జబ్బును వర్ణించెనని చెప్పుదురు. 1895లో రంట్‌గెన్ ఎక్స్ కిరణములను కనిపెట్టిన పిమ్మటనే దీనిని కంటితో చూచుట సాధ్యమైనది. ఎదుటినుండి తీసిన చిత్రములో స్వల్పమైన జారుడు కనబడకపోవచ్చును. అందుచేత ప్రక్కనుండి కూడ చిత్రము తీయవలెను. రెండు తుంటులను తీయుట మరియు ముఖ్యము. ఏలయన, ఈ జబ్బు గలవారిలో అయిదింట ఒక వంతుకు తక్కువగాక రెండవ ప్రక్కన కూడ జారుడు కనబడును. మొదట ఒక ప్రక్కనే వచ్చినను, రెండవది తరచుగా ఏడాదిన్నర లోపుననే బయటపడును.

ఈ జబ్బులో రెండు తెగలు గలవు. ఊతకర్రలతోనైనను నడువగలిగినచో అది నిలుకడ గలది. ఒక్క అడుగైనను వేయలేకపోయినచో నిలుకడ లేనిది. ఈ భేదమును 1993లో అమెరికా వైద్యుడు ర్యాండల్ లోడర్, ఆయన సహచరులు స్పష్టపరచిరి. వారు పరిశీలించిన వానిలో నిలుకడ లేని తుంటులు 30. అందు 14 తుంటులలో రక్తప్రసారము చెడి ఎముక తల నిర్జీవమయ్యెను. నిలుకడ గల 25 తుంటులలో ఒక్కదానికైనను అట్టి హాని కలుగలేదు. కుంటుచు నడచు పిల్లవాడు ఒకనాడు జారిపడి ఇక లేవలేని స్థితికి రావచ్చును. వారముల తరబడి తాత్సారము చేయుటలో నున్న ప్రమాదమిదియే.

కావున అనుమానము కలిగిన క్షణమునుండి పిల్లవానిని ఆ కాలిపై నిలువనీయరాదు. బెణుకని మర్దన చేయుట, కాలు లాగుట, కట్టు కట్టుట కూడదు. చక్రముల కుర్చీలోనో, మంచముమీదనో పరుండబెట్టి ఆనాడే ఎముకల వైద్యుడున్న ఆసుపత్రికి కొనిపోవలెను. నిలుకడ గల జారుడునకు చికిత్స సులభమైనదే. తలను వెనుకకు త్రోయక, ఉన్నచోటనే, ఎక్స్‌రే సాయముతో మెడగుండ తలలోనికి ఒక లోహపు స్క్రూ బిగింతురు. దానితో జారుడు ఆగును, పలక క్రమముగా మూసికొనిపోవును. బలవంతముగా తలను స్వస్థానమునకు చేర్పబోయినచో మెడ వెనుకగా ప్రాకు సన్నని రక్తనాళములు తెగవచ్చును. తలకు ప్రాణాధారములవియే. నిలుకడ లేనివానికి, మిక్కిలి జారినవానికి అనుభవజ్ఞులు వేరు శస్త్రచికిత్సలను చేయుదురు.

పలక మూసికొనిపోయిన కాలు పొట్టిదగునా యని తల్లులు భయపడుదురు. తొడ ఎముక పెరుగుదలలో సుమారు 70 పాళ్లు మోకాలి చెంతనే జరుగును. తుంటివైపు జరుగునది 30 పాళ్లే. కావున ఎదుగుదల చివరి సంవత్సరములలో నున్న పిల్లలకు సాధారణముగా కలుగు తేడా స్వల్పమే. చికిత్స పిమ్మట కొన్ని వారములు ఊతకర్రలు వాడవలసియుండును. రెండవ తుంటిని ఎదుగుదల ముగియువరకు కనిపెట్టియుండవలెను.

ఉపేక్షించినచో తల వంకరగా అతుకుకొనును, కీలు అరిగిపోవును. నడివయస్సు రాకముందే కీలు మార్పిడి అవసరము కావచ్చును. కుంటునకు కారణములు వేరుగా కూడ నుండును. 4 మొదలు 8 ఏండ్ల పిల్లలలో పెర్తీజ్ వ్యాధి, జ్వరముతో కూడినచో కీలులో చీము, దీర్ఘకాలమైనచో క్షయ సంభవింపవచ్చును. వీనిలో ఏదియు ఇంటిలో తేల్చదగినది కాదు. ఎదుగుచున్న పిల్లవాడు కొద్దిరోజులకు మించి కుంటినచో, నొప్పి ఎచ్చట నున్నదని చెప్పినను, "వీని తుంటి కూడ చూడుడు" అని వైద్యునితో ఒక్కమాట చెప్పుడు.