కాడి మీది బరువు

వరిగడ్డి మోపులను బండికెత్తించునప్పుడు మా గ్రామమున బండివాండ్రు ఒక చిన్న పరీక్ష చేయుచుండెడివారు. ఎద్దులను కట్టుటకు ముందు కాడిని రెండు చేతులతో పట్టి పైకెత్తి చూచి, అది మరీ బరువుగా తగిలినచో రెండు మోపులు వెనుకకు జరిపించుచు, తేలికయై తనంత తాను పైకి లేవజూచినచో ముందునకు జరిపించుచు, కాడి ఎద్దుల మెడలపై మితముగా ఆనువరకు వారు బండిని కదలనిచ్చెడివారు కారు. బరువు ఇరుసునకు వెనుకగా పడినచో కాడి పైకి లేచి, మెడక్రింది త్రాళ్లు ఎద్దుల గొంతులను బిగించును గదా!

గత వేసవిలో అరిజోనా రాష్ట్రమున ఫీనిక్సు నగరమందున్న మా మేనల్లుని యింట కొన్నాళ్లుంటిని. అతడు తన ఎస్‌యూవీ వెనుక, పడకలును పొయ్యియు గల యొక క్యాంపర్ ట్రైలరును తగిలించుకొని సకుటుంబముగా కొండలకు పోవ సంకల్పించి, హిచ్ కొనుటకు నన్ను వెంటబెట్టుకొని పోయినప్పుడు, ఆ బండివాండ్రే నాకు పదే పదే జ్ఞప్తికి వచ్చిరి.

హిచ్ అనగా కారు అడుగున చట్రమునకు బోల్టులతో బిగించెడి ఉక్కు దూలము. దాని నడుమనుండు చతురస్రపు గొట్టమును రిసీవరందురు. అందులోనికి జొనిపిన కడ్డీ కొసన నొక ఉక్కుగుండు ఉండును. ట్రైలరు ముక్కుననున్న కప్లరను గిన్నె ఆ గుండుపై బోరగిలి, లోపలి కొక్కెముతో దానిని పట్టుకొనును. అమెరికాలో హిచ్‌లకు తరగతులు కలవు. మొదటి తరగతి 2000 పౌన్ల వరకు, రెండవది 3500 వరకు, మూడవది 8000 వరకు అని సామాన్యపు లెక్క. మూడవ తరగతి హిచ్ బిగించినంత మాత్రమున కారు 8000 పౌన్లు లాగునని భ్రమించువారు లేకపోలేదు. కారు, రిసీవరు, గుండు, కప్లరు అను వీనిలో ఏది అన్నిటికంటె తక్కువ బరువుకు నిర్ణయింపబడినదో, అదియే ఆ జోడింపునకు హద్దు.

గుండ్లు ముఖ్యముగా మూడు కొలతలవి: రెండంగుళములకు రెండు వీసములు తక్కువైనది, నిండు రెండంగుళములది, రెండుంబావు మీద నొక వీసమైనది. (మన పాత వీసపు లెక్క ఈ అంగుళములకు ఇంత చక్కగా అతుకునని నేననుకొనలేదు.) రెండంగుళముల కప్లరును చిన్న గుండుపై బోర్లించినను పడినట్లే పడును, తాళము వేసినట్లే కనబడును, రోడ్డుపై మొదటి ఎగుడుదిగుడున ఊడివచ్చును. అందుచేత తగిలించిన పిమ్మట ట్రైలరు ముక్కుననున్న జాకీని కొంచెము పైకి త్రిప్పవలెను. దానితోకూడ కారు వెనుకభాగమును లేచినచో పట్టు కుదిరినదన్నమాట. గుండు క్రింది నట్టు బిగింపు చేతి అంచనాకు విడువదగినది కాదు. అంగుళపు కాడగల గుండునకు సాధారణముగా 250 ఫుట్-పౌండ్ల బిగింపు చెప్పుదురు; అనగా రెండడుగుల రెంచి కొసను పట్టుకొని 125 పౌన్ల మనిషి వ్రేలాడినంత. రక్షణ గొలుసులు రెంటిని కప్లరు క్రింద అడ్డముగా దాటించి కట్టుదురు; గుండు విడిచినను ట్రైలరు ముక్కు నేలను గ్రుచ్చుకొనక ఆ ఉయ్యాలలో పడును.

ఇవన్నియు మేనల్లుడు శ్రద్ధగా చేసెను. అతనికి రుచింపనిది నేను పెట్టిన బరువుల పేచీ ఒక్కటే. "మామయ్యా, ఐదువేల పౌన్లు లాగుతుందని కంపెనీవాళ్లే రాశారు కదా! లారీల కాటా మీద తూయించాను, మనది మూడువేల ఆరువందలే," అనెను.

ఆ ఐదువేల కథ కొంత చెప్పవలెను. ఒకప్పుడు ఏ కంపెనీ ఇష్టము వచ్చిన అంకె ఆ కంపెనీ వేసికొనుచుండెను. ఇప్పుడు పెక్కు కంపెనీలు అనుసరించునది ఎస్.ఏ.ఈ. అను ఇంజనీర్ల సంస్థ ఏర్పరచిన జె2807 ప్రమాణము. దాని పరీక్షలలో ప్రసిద్ధమైనది అరిజోనాలోనిదే: కొలరాడో నదిపైనున్న డేవిస్ డ్యామ్ చెంతనుండి కనుమపైకి సుమారు 18 కిలోమీటర్ల ఎక్కుడు. 38 డిగ్రీల సెల్సియసుకు తక్కువ కాని యెండలో, ఏసీ నిండుగా నడుచుచుండగా, సామాన్యపు కారు గంటకు 40 మైళ్లకు తగ్గకుండ బరువును లాగుకొని పోవలెను. అయితే ఆ పరీక్షలో కారునందుండునది చెరి 150 పౌన్ల మనుష్యులిద్దరు మాత్రమే. ప్రకటనలోని అంకె ఆ యిద్దరిది. ఐదుగురితో పోవువాడు దానిని నమ్ముకొనరాదు.

మనము నమ్మదగిన అంకె డ్రైవరు తలుపు చట్రముపై చిన్న చీటీగా అంటించియుండును. మనుష్యులును సామానును కలిసి ఇంతకు మించరాదని అది చెప్పును. మా కారునకు 1300 పౌన్లు. ట్రైలరు ముక్కు హిచ్‌పై మోపు బరువును, నేను కాడిబరువనుదును, ఇందులోనే జమ కట్టవలెను.

కాడిబరువు ట్రైలరు మొత్తము బరువులో నూటికి 10 నుండి 15 పాళ్లుండవలెనని అమెరికాలో నియమము. ఏల? గాలి విసురుకు ట్రైలరు తోక ఒక ప్రక్కకు తొలగినదనుకొందము. టైర్లు నేలను పట్టి దానిని దారికి త్రిప్పును, అది దారిని దాటి రెండవ ప్రక్కకు పోవును, మరల వచ్చును. వేగము తక్కువైనప్పుడు ఈ ఊపులు ఒకదానికంటె నొకటి చిన్నవగుచు అణగిపోవును. వేగము పెరిగినకొలది ఆ అణచెడి గుణము క్షీణించి, ఒకానొక వేగమున శూన్యమై, అది దాటినంతనే ప్రతి ఊపును ముందటిదానికంటె పెద్దదగును. దానికి కావలసిన శక్తిని కారు పరుగే సమకూర్చును. కాడిబరువు తగ్గినకొలది ఆ హద్దువేగము దిగజారును. నడిచెడి పట్టాపై బొమ్మకారును ట్రైలరును ఉంచి దీనిని చూపుదురు: తూనికరాయి ముందుండగా వ్రేలితో తట్టినను బొమ్మ నిలద్రొక్కుకొనును, అదే రాయిని వెనుకకు జరిపి తట్టినచో క్షణములలో వెర్రిగా ఊగి కారుతో సహా బోర్లపడును.

కాడిబరువు సరిపడుటకై బరువులను రెండు కొసల పేర్చుటయు తగదు. కావడి మోసినవానికి దీని కారణము తెలియును: రెండు కుండలను భుజమునకు దగ్గరగా కట్టిన కావడి చెప్పినట్లు తిరుగును, కొసలకు కట్టినది ఒకసారి తిరుగ మొదలిడినచో ఆగదు.

ఊపు పుట్టినప్పుడు స్టీరింగును ఎదురు త్రిప్పుటయు, కారు బ్రేకును గట్టిగా త్రొక్కుటయు సహజముగా తోచును, రెండును ప్రమాదకరములే. యాక్సిలరేటరునుండి కాలు తీసి, స్టీరింగును తిన్నగా పట్టి, ట్రైలరునకు ప్రత్యేకముగా బ్రేకులున్నచో చేతిమీటతో వానిని మాత్రము పట్టింపవలెను. గాలిపటమును తోక వెనుకకు లాగి నిలుపునట్లు అవి జతను తిన్నగా సాగదీయును. అన్నిటికంటె ముందు వేగమునకే కళ్లెము వేయుట మేలు. ట్రైలరు లాగు కార్లను 55 మైళ్లు దాటరాదని కాలిఫోర్నియా చట్టము శాసించుచున్నది. అది చాదస్తమని విసుగుకొనువారు, 55కు బదులు 65లో పోయినచో బ్రేకులు మ్రింగవలసిన శక్తి 40 పాళ్లు పెరుగునని లెక్కవేసి చూడవలెను.

మేము కొలిచితిమి. ట్రైలరు చక్రములకు అడ్డుకట్టెలు పెట్టి, మూడడుగుల పలకను ఒక కొసన ఇటుకపైనను, రెండవ కొసన మనుష్యులెక్కి తూచుకొను త్రాసుపైనను ఉంచి, ఇటుకకు ఒక అడుగు దూరమున ట్రైలరు ముక్కును ఆన్చితిమి. ఆ అమరికలో త్రాసు మూడవవంతే చూపును. అది 90 చూపెను. అనగా 270 పౌన్లు, నూటికి ఏడున్నర. వెనుక కొసనున్న జనరేటరు, నీళ్ల డబ్బాలు, ఐసు పెట్టె కలిసి 160 పౌన్లు. గుండునుండి ఇరుసు 14 అడుగులు. వానిని 10 అడుగులు ముందునకు, ఇరుసు ఆవలికి జరిపినచో 160ని 10తో గుణించి 14తో భాగింపగా వచ్చు 114 పౌన్లు కాడిపైకి చేరవలెను. జరిపితిమి. త్రాసు 128కి వచ్చెను, 384 పౌన్లు.

ఇప్పుడు చీటీ అడ్డుపడెను. మా ఐదుగురము 740, కారులోని సామాను 160, కొత్తగా బిగించిన హిచ్ 50. దానికి 384 చేర్చినచో 1334. ఎవరిని దింపుదుమని పిల్లలు నావైపు చూచిరి. ఇరువది పౌన్ల సోనామసూరి సంచులు రెండును, వంటపాత్రల పెట్టె యొకటియు కారునుండి తీయించి, ట్రైలరులో సరిగా ఇరుసు మీదుగా పెట్టించితిని. అచ్చటి బరువు చక్రములపైననే పడును గాని కాడిని తాకదు. మొత్తము 1274.

"మామయ్యగారూ, బియ్యం కూడా కారెక్కకూడదా?" అని మేనల్లుని భార్య నవ్వెను. మరునాడు తెల్లవారుజామున, ఎండ ముదురకమునుపే బయలుదేరితిమి.