డాబా మీది అప్పడాలు: రాయపూర్‌లో ఆర్థిక గణన

జనగణన అంటే తెలియనివారు మన దేశంలో అరుదు. ఆర్థిక గణన అన్న మాట విన్నవారు మాత్రం తక్కువ. మొదటిది మనుషులను లెక్కిస్తుంది. రెండవది ఆ మనుషులు చేసే పనిని, ఆ పని జరిగే చోటును లెక్కిస్తుంది. వీధి మలుపులోని పాన్ డబ్బా మొదలుకొని వేలాదిమంది పనిచేసే ఉక్కు కర్మాగారం వరకు దేశంలో వ్యాపార, ఉత్పత్తి, సేవా సంస్థలు ఎన్ని ఉన్నాయి, ఒక్కొక్కదానిలో ఎందరు పనిచేస్తున్నారు అన్నవే దీనికి మూలప్రశ్నలు. వినడానికి ఇవి చాలా చిన్న ప్రశ్నలు. వాటికి సరైన జవాబు రాబట్టడం ఎంత పెద్ద పనియో ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయపూర్‌లో గడిపిన నాలుగు రోజులలో మాకు తెలిసివచ్చింది.

సంస్థ పనిమీద వెళ్ళిన మేము అక్కడి డబ్ల్యు.ఆర్.ఎస్. కాలనీలో, రైల్వే వ్యాగన్ మరమ్మతు కర్మాగారంలో పనిచేసే ఒక మిత్రుని ఇంట బస చేశాము. ఆ కాలనీలో తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. విజయనగరం నుండి రాయపూర్‌కు రైలుమార్గం పడిన నాటినుండి ఉత్తరాంధ్రకు, ఈ పట్టణానికి రాకపోకలు పెరిగాయి. పక్కవాటాలో విశ్రాంత ఉపాధ్యాయుడొకరు ఉన్నారు. స్థానికులే. 2013లో మొదలైన ఆరవ ఆర్థిక గణనలో ఆయన గణకునిగా పనిచేశారు. సాయంకాలాలు ఆయన చెప్పిన అనుభవాలే ఈ వ్యాసానికి ప్రేరణ.

ఏడు గణనల ప్రస్థానం

మన దేశంలో తొలి ఆర్థిక గణన 1977లో జరిగింది. కనీసం ఒక్కరైనా జీతానికి పనిచేసే వ్యవసాయేతర సంస్థలనే అప్పుడు లెక్కించారు. తనకు తానే యజమాని, తనకు తానే పనివాడు అయిన చిన్న వ్యాపారి ఆ లెక్కలోకి రాలేదు. 1980లో జరిగిన రెండవ గణనలో ఆ లోపాన్ని సవరించి, జీతగాళ్లు లేని సంస్థలకు కూడా చోటు కల్పించారు. 1980లోను, 1990లోను జనగణనకు ముందు జరిగే ఇళ్ల జాబితా తయారీతో పాటే ఈ పనిని కూడా జరిపించారు. తరువాత 1998, 2005, 2013, 2019 సంవత్సరాలలో వరుసగా నాలుగు, ఐదు, ఆరు, ఏడు గణనలు మొదలయ్యాయి. జనగణనకున్నట్లు దీనికి స్థిరమైన వ్యవధి లేదు. ఒకసారి మూడేళ్లకు, మరొకసారి పదేళ్లకు వచ్చిన ఈ లెక్కలను పక్కపక్కన పెట్టి పోల్చేవారు ఆ సంగతి గుర్తుంచుకోవాలి.

రాయపూర్ విషయంలో మరొక చిక్కు కూడా ఉంది. మొదటి నాలుగు గణనల నాటికి ఇది మధ్యప్రదేశ్‌లోని జిల్లా కేంద్రం. 2000 నవంబరు 1న కొత్త రాష్ట్రం ఏర్పడింది కనుక ఛత్తీస్‌గఢ్ పేరిట రాయపూర్ కనిపించినది 2005 గణనలోనే. జిల్లా కూడా ఒక్కతీరుగా లేదు. 1998లో ధమ్‌తరి, మహాసముంద్ వేరుపడ్డాయి. 2012లో బలౌదా బజార్–భాటాపారా, గరియాబంద్ జిల్లాలు ఏర్పడ్డాయి. అటుకుల మిల్లులకు పేరుపొందిన భాటాపారా అప్పుడు రాయపూర్ జిల్లానుండి విడిపోయింది. మిల్లులు ఉన్నచోటనే ఉన్నాయి, గీత జరిగింది. పాత రాయపూర్‌ను, కొత్త రాయపూర్‌ను పోల్చి సంస్థలు పెరిగాయనో తగ్గాయనో చెప్పబోయేవారు ముందు ఆ గీతను చూసుకోక తప్పదు. ఆరవ గణన నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2014లో రెండు రాష్ట్రాలైంది కనుక ఈ జాగ్రత్త మన తెలుగువారికి కూడా అవసరమే.

కంటికి కనిపించే పని, కనిపించని పని

పట్టణమంతా తిరిగి చూశాము. గోల్ బజారు ఇరుకు సందులలో పూజాసామగ్రి, పాత్రలు, మసాలా దినుసుల దుకాణాలు ఒకదానికొకటి ఆనుకొని ఉన్నాయి. పండ్రీలో బట్టల టోకు వ్యాపారం, గుఢియారీలో ధాన్యం, కిరాణా టోకు వ్యాపారం సాగుతున్నాయి. ఊరి వెలుపల ఉర్లా, సిల్తరా పారిశ్రామిక వాడలలో స్పాంజ్ ఐరన్ కర్మాగారాలు, రోలింగ్ మిల్లులు ఉన్నాయి. ఇవన్నీ బోర్డు కట్టుకొని కంటికి కనిపించేవి. లెక్కించడానికి కొంత సులభమైనవి.

“బోర్డు ఉన్నదాన్ని ఎవరైనా లెక్కిస్తారు. బోర్డు లేనిదాన్ని వెదకి పట్టుకోవడానికే మమ్మల్ని పంపారు” అన్నారు మాస్టారు.

ఆ మాటలో అతిశయోక్తి లేదు. ఆరవ గణన ఫలితాల ప్రకారం దేశంలోని సంస్థలలో ఇంటి వెలుపల స్థిరమైన కట్టడంలో నడిచేవి 45.37 శాతం మాత్రమే. 36.19 శాతం ఇళ్లలోపలే నడుస్తున్నాయి. మిగిలిన 18.44 శాతానికి స్థిరమైన చోటే లేదు. అనగా ప్రతి రెండు సంస్థలలో ఒకటికి పైగా దుకాణమన్నది లేకుండానే బతుకుతున్నది.

చోటులేని వ్యాపారిని ఎక్కడ లెక్కించాలి? ఛత్తీస్‌గఢ్ పల్లెలలో వారపు సంతలకు ఎంతో ప్రాధాన్యం ఉంది. గాజులు, బట్టలు, ఎండుచేపలు అమ్మేవారు సోమవారం ఒక ఊర, మంగళవారం మరొక ఊర కనిపిస్తారు. సంతలో లెక్కిస్తే ఒక్క మనిషే ఆరుచోట్ల నమోదవుతాడు. అందువల్ల ఇటువంటివారిని వారి నివాసం వద్దనే నమోదు చేయాలని నియమం పెట్టారు. తోపుడుబండివారికీ ఇదే సూత్రం. కనుక గణకుడు దుకాణాల వీధితో సరిపెట్టుకోరాదు. తనకు అప్పగించిన బ్లాకులో ప్రతి ఇంటి గుమ్మమూ ఎక్కాలి. “మీ ఇంట ఎవరైనా ఏదైనా వ్యాపారం చేస్తున్నారా?” అని అడగాలి.

లేదన్న ఇంట దొరికిన లెక్క

అటువంటి ఒక గుమ్మం సంగతి మాస్టారు చెప్పారు. సందు చివరి ఇంట్లో యజమాని తలుపు తీశాడు. తాను కర్మాగారంలో కూలి పనికి పోతానన్నాడు. ఇంట్లో వ్యాపారమేదీ లేదన్నాడు. భార్య ఏం చేస్తుందని అడిగితే “ఏమీ చేయదు, ఇంట్లోనే ఉంటుంది” అన్నాడు. మాస్టారు ఆ మాటే రాసుకున్నారు. సందు దాటుతూ ఎందుకో తలెత్తి చూస్తే ఆ ఇంటి డాబా మీద పాత చీరలు పరచి వందల అప్పడాలు ఎండబెట్టి ఉన్నాయి.

ఆయన వెనక్కి వెళ్ళారు. ఈసారి ఇల్లాలే వచ్చింది. అప్పడాలు ఇంటి వాడకానికేనని చెప్పింది. ఒక కుటుంబం ఏడాదంతా తిన్నా తరగనన్ని అప్పడాలవి. గట్టిగా అడగడానికి ఆయనకు మనసొప్పలేదు. మరునాడు మళ్ళీ వెళ్ళి, అరుగు మీద కూర్చుని, కాగితాలు చేతిలోకి తీసుకోకుండా మాట్లాడారు. అప్పుడు బయటపడింది అసలు భయం. వ్యాపారమని రాస్తే రేషన్ కార్డు పోతుందేమోనని ఆమె బెంగ. పన్ను కట్టమంటారేమోనని భర్త అనుమానం. ఇది పన్నుల లెక్క కాదనీ, రేషన్ కార్డుతో దీనికి సంబంధం లేదనీ ఆయన ఓపికగా నచ్చచెప్పారు. చాలాసేపటికి ఆమె నోరు విప్పింది. దుకాణదారుడు మినప్పిండి ఇస్తాడు. ఆమె ఒత్తి, ఎండబెట్టి, లెక్కపెట్టి అప్పగిస్తుంది. కూలి చేతికి వస్తుంది. ఆరేళ్లుగా ఇదే పని. పిల్లల బడి ఫీజు ఆ డబ్బే.

కాగితం మీద సున్న పోయి ఒకటి వచ్చింది. ఒక సంస్థ, అందులో పనిచేసే ఒక స్త్రీ.

“ఆ ఒక్కటి రాసినందుకు నాకు గర్వమేమీ లేదు” అన్నారు మాస్టారు. “అంతకుముందు పూర్తిచేసిన సందులలో నేను తలెత్తి చూడని డాబాలు ఎన్నో! ఆ ఆలోచనతో ఆ రాత్రి నిద్ర పట్టలేదు.”

ఎందరు పనిచేస్తున్నారు?

సంస్థను కనుగొనడం ఒక ఎత్తు, పనివారిని లెక్కించడం మరొక ఎత్తు. కాలనీ దగ్గర శ్రీకాకుళం నుండి వచ్చిన కుటుంబం నడిపే ఇడ్లీ బండి ఒకటి ఉంది. రోజూ ఉదయం మేము అక్కడే తిన్నాము. ఇక్కడ ఎందరు పనిచేస్తారని మేమూ గణకులవలె అడిగి చూశాము. “నేనొక్కడినే బాబూ” అన్నాడు బండియజమాని. అప్పుడే ఆయన భార్య ఇంటినుండి రెండవ విడత పిండిగిన్నె తెచ్చి దించుతున్నది. కొడుకు పళ్లేలు కడుగుతున్నాడు. రాత్రి పప్పు నానబోసేదీ, తెల్లవారుజామున రుబ్బేదీ ఆ ఇల్లాలే. ఆయన అబద్ధం చెప్పలేదు. జీతం ఇవ్వని పనిని పనిగా ఎంచే అలవాటు మనకు లేదు.

గణన నియమాలు మాత్రం దానిని ఎంచుతాయి. యజమాని, జీతానికి పనిచేసేవారు, జీతం లేకుండా మామూలుగా పనిచేసే కుటుంబసభ్యులు అందరూ పనివారే. కనుక “మీ దగ్గర ఎందరున్నారు?” అని అడిగి ఊరుకుంటే చాలదు. పిండి ఎవరు రుబ్బుతారు, సరుకు ఎవరు తెస్తారు, మధ్యాహ్నం గల్లా దగ్గర ఎవరు కూర్చుంటారు అని విడివిడిగా అడగాలి.

ఇట్లా ఒక్కొక్కటే కూర్చిన అంకెలు చివరకు దేశస్వరూపాన్ని చూపుతాయి. ఆరవ గణనలో తేలిన సంస్థలు సుమారు 5.85 కోట్లు. వాటిలో పనిచేసేవారు సుమారు 13.13 కోట్లమంది. సగటున సంస్థకు 2.24 మంది. జీతగాళ్లెవరూ లేని సంస్థలే 71.74 శాతం. ఐదుగురు, అంతకు తక్కువమంది పనిచేసేవి 95.5 శాతం. పదిమంది, అంతకు పైన ఉన్నవి 1.37 శాతం మాత్రమే. మొత్తం పనివారిలో స్త్రీలు సుమారు నాలుగవ వంతు. పంటల సాగు, తోటల పెంపకం, ప్రభుత్వ పరిపాలన, రక్షణ ఈ లెక్కలో లేవు.

పెద్ద ప్రభుత్వరంగ సంస్థలలో పనిచేసే మనవంటివారికి ఈ అంకెలు కొంత వినయాన్ని నేర్పుతాయి. పరిశ్రమ అనగానే మన కళ్లముందు నిలిచేవి కొలిములు, క్రేన్లు, షిఫ్టు సైరన్లు. దేశంలోని సంస్థలలో అత్యధిక భాగం ఆ ఇడ్లీ బండివంటివే.

సాధనాలు మారినా

2019లో మొదలైన ఏడవ గణనలో కాగితపు ఫారాలకు బదులు మొబైల్ ఫోను వచ్చింది. క్షేత్రంలో వివరాల సేకరణను కామన్ సర్వీస్ సెంటర్ల సంస్థకు అప్పగించారు. వివరాలు అక్కడికక్కడే నమోదై కేంద్రానికి చేరే ఏర్పాటు జరిగింది. 2020లో కోవిడ్ అడ్డుపడడంతో పని 2021 వరకు సాగింది. పశ్చిమ బెంగాల్ ఇందులో పాల్గొనలేదు. క్షేత్రకార్యం ముగిసి మూడేళ్లు దాటినా ఫలితాలు వెలువడలేదు. ఇంటింటికీ తిరిగిన గణకుల శ్రమ, సమయం వెచ్చించి జవాబు చెప్పిన కోట్లాది ప్రజల సహకారం అంతా ప్రకటన కాని అంకెలలోనే ఉండిపోయింది. అడిగినవారికి ఫలితం చూపకపోతే మరుసటిసారి తలుపు తట్టినపుడు జవాబు చెప్పే ఉత్సాహం ఎవరికుంటుంది?

ఫోను వచ్చినంతమాత్రాన లెక్క నిజమవుతుందని కూడా మేము అనుకోవడం లేదు. కూడికలో తప్పును ఫోను పట్టుకుంటుంది. డాబా మీది అప్పడాలను అది చూడలేదు. “ఏమీ చేయదు” అన్న మాట కాగితం మీద ఎంత తప్పో, ఫోనులోనూ అంతే తప్పు. గణకునికి తగిన శిక్షణ, తగిన ప్రతిఫలం, ఒక ఇంటికి రెండవసారి వెళ్లగలిగే వ్యవధి ఉన్నపుడే అంకెకు విలువ.

మన గుమ్మంలోకి వచ్చినపుడు

రాబోయే జనగణనకు 2027 మార్చి 1 ప్రామాణిక తేది. ఆ పిమ్మట ఎనిమిదవ ఆర్థిక గణన జరపాలన్న ఆలోచన కూడా ఉంది. అప్పుడు గణకుడు మన క్వార్టర్లకు కూడా వస్తాడు. మన కాలనీలలోనూ ఇంటిపట్టున బట్టలు కుట్టే సోదరీమణులు, చీరలు తెచ్చి అమ్మేవారు, సాయంత్రాలు పిల్లలకు ట్యూషన్లు చెప్పేవారు ఎందరో ఉన్నారు. వారిని “ఏమీ చేయరు” అని రాయించవద్దని మా మనవి. 2008 నాటి గణాంకాల సేకరణ చట్టం కింద ఇచ్చిన వివరాలను గణాంక ప్రయోజనాలకే వాడాలి. వ్యక్తిగత వివరాలను బయటపెట్టరాదు.

గణకుడు మనకు అప్పటికప్పుడు ఇచ్చేదేమీ లేదు. రుణం మంజూరు చేయడు, పన్ను విధించడు. కాని ఏ జిల్లాలో ఏ పనిపై ఎందరు బతుకుతున్నారో తెలియనిదే వారి శిక్షణకు, రుణానికి, భద్రతకు ఎంత కేటాయించాలో ఏ ప్రభుత్వమూ సరిగా నిర్ణయించలేదు. లెక్కలో లేని చేతులకు బడ్జెట్టులో చోటు దొరకడం కష్టం.

తిరుగు ప్రయాణం నాడు మాస్టారు మమ్మల్ని ఆ సందు మీదుగానే స్టేషనుకు తీసుకువెళ్ళారు. ఆ ఇంటి డాబా మీద ఆనాడు కూడా చీరలు పరచి ఉన్నాయి. మాకు తెలియకుండానే మేమంతా తలలెత్తి చూశాము.