పొగ రంగు, నాక్ చప్పుడు: పాత పికప్‌లో పంపు టైమింగ్

డీజిల్ ఇంజిన్‌లో స్పార్క్ ప్లగ్గు ఉండదు. పిస్టన్ పైకి లేచేటప్పుడు గాలి దాదాపు ఇరవయ్యో వంతుకు నలిగి, 500 డిగ్రీల సెల్సియస్ దాకా, ఒక్కోసారి అంతకు మించి వేడెక్కుతుంది. ఆ వేడిలోకి నాజిల్ చిమ్మిన డీజిల్ తనంతట తానే అంటుకుంటుంది. పెట్రోలు బండిలో నిప్పురవ్వ ఎప్పుడు పడాలన్నది ఎంత ముఖ్యమో, డీజిల్ బండిలో నాజిల్ ఎప్పుడు చిమ్మాలన్నదీ అంతే ముఖ్యం. మెకానిక్కులు దీన్నే పంపు టైమింగ్ అంటారు.

మహదేవపూర్, కాళేశ్వరం వైపు పత్తి, మిర్చి బస్తాలు మోసే పాత బొలెరో, టాటా 207 పికప్‌లను జనం ‘ట్రాలీలు’ అంటారు. ఇవి డీజిల్ బండ్లు. వరంగల్ ఎనుమాముల మార్కెట్ దాకా వంద కిలోమీటర్లు దాటిన దారిలో, నిండు లోడు మీద, టైమింగ్ లోపం దాగదు. కంప్యూటర్ నడిపే కామన్ రైల్ పద్ధతి రాకముందు తయారైన వీటిలో డీజిల్‌ను కొలిచి, నెట్టి, వేళకు అందించేదంతా యంత్రపు పంపే. 1951లో బెంగళూరులో మొదలైన మోటార్ ఇండస్ట్రీస్ కంపెనీ (మైకో) 2008లో బాష్ లిమిటెడ్ అయినా, షెడ్లలో ‘మైకో పంపు’ అన్న మాట నిలిచిపోయింది.

డీజిల్ పడగానే మండదు. ఆవిరై గాలిలో కలవడానికి కాస్త వ్యవధి కావాలి. అందుకే పిస్టన్ పూర్తిగా పైకి చేరడానికి కొన్ని డిగ్రీల ముందే చిమ్మాలి. నిమిషానికి 2,000 చుట్లు తిరిగే ఇంజిన్‌లో ఒక డిగ్రీ అంటే సెకనులో పన్నెండు వేలో వంతు. పంపును వెంట్రుకవాసి జరిపినా తేడా తెలిసేది ఇందువల్లే.

చిమ్మడం ముందే జరిగితే దాన్ని అడ్వాన్స్ అంటారు. అప్పుడు ఇంజిన్ సుత్తితో కొట్టినట్టు నాక్ చేస్తుంది. బేరింగులకు, హెడ్ గ్యాస్కెట్‌కు దెబ్బ. ఆలస్యమైతే రిటార్డ్. ‘బండి గుంజుతలేదు’ అని డ్రైవరు చెప్పే బండి తరచూ ఇదే: ఎత్తు మీద చతికిలబడుతుంది, సైలెన్సర్ కాలుతుంది, డీజిల్ ఎక్కువ తాగుతుంది, ఘాటు వాసనతో తెల్లపొగ వదులుతుంది. చలికాలం పొద్దున స్టార్ట్ చేయగానే వచ్చి, వేడెక్కగానే పోయే తెల్లపొగను మాత్రం లోపంగా లెక్కించకూడదు. రేడియేటర్‌లో నీళ్లూ తగ్గుతుంటే అనుమానించాల్సింది హెడ్ గ్యాస్కెట్‌ను.

టైమింగ్ ఊరికే మారదు. పంపును సర్వీసుకు విప్పి గుర్తు కలపకుండా బిగించడం, పంపును ఇంజిన్‌కు బిగించే ఫ్లాంజి నట్లు వదులవడం, టైమింగ్ గేర్లు అరగడం, చైను సాగడం దాని కారణాలు. ఇవేవీ లేని బండిలో ముందు చవకైనవి చూడాలి. ఎయిర్ ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోతే నల్లపొగ వస్తుంది, లాగుడు తగ్గుతుంది. డీజిల్ ఫిల్టర్ మూసుకున్నా, పైపులో గాలి పట్టినా ఇంజిన్ తడబడుతుంది. తర్వాత టాపెట్లు, కంప్రెషన్, నాజిళ్లు.

నాజిల్ లోపాన్ని టైమింగ్ లోపం నుంచి విడదీయడానికి ఒక పాత పద్ధతి ఉంది. ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతుండగా నాజిల్ పైపు నట్లను ఒక్కొక్కటిగా కొద్దిగా వదులు చేసి, మళ్లీ బిగిస్తారు. ఒకదాన్ని వదులు చేసినప్పుడే నాక్ ఆగిపోతే తప్పు చాలావరకు ఆ నాజిల్‌ది. ఏది వదులు చేసినా నాక్ పోకపోతే టైమింగ్ చూడాలి. వదులైన నట్టు దగ్గర చిమ్మే డీజిల్ ధార చర్మంలోకి దూసుకుపోగలదు; చెయ్యి, కళ్లు దూరంగా ఉండాలి. కామన్ రైల్ బండ్లలో ఈ పని అసలు చేయకూడదు. వాటి టైమింగ్‌ను కంప్యూటరే నిర్ణయిస్తుంది.

వరస (ఇన్‌లైన్) పంపుకు టైమింగ్ చూసేది బొట్లతో. నాలుగు సిలిండర్లకు 1-3-4-2 వరసలో మంట పడే ఇంజిన్‌లో నాలుగో సిలిండర్ వాల్వులు రెండూ కలిసి కదిలే వేళకు మొదటి సిలిండర్ కంప్రెషన్‌లో ఉంటుంది. పంపు మొదటి అవుట్‌లెట్‌లోని డెలివరీ వాల్వు తీసి, అక్కడ వంపు పైపు బిగించి, చేతిపంపు కొడుతూ ఇంజిన్‌ను అది తిరిగే దిక్కునే మెల్లగా తిప్పుతారు. మొదట డీజిల్ ధారగా కారుతుంది. ధార సన్నబడి బొట్లవుతుంది. బొట్టు ఆగబోయే చోట చిమ్మడం మొదలు. అప్పుడు ఫ్లైవీల్ లేదా పుల్లీ మీది గుర్తు సూచికకు ఎదురుగా ఉండాలి. గుర్తు రాకముందే బొట్టు ఆగితే అడ్వాన్స్, దాటాక ఆగితే రిటార్డ్. రోటరీ పంపులో బొట్లకు బదులు డయల్ గేజ్‌తో, డీజిల్‌ను నెట్టే ప్లంజర్ లేచిన ఎత్తు కొలుస్తారు. ఎన్ని డిగ్రీలు, ఎన్ని మిల్లీమీటర్లు అన్నది ఇంజిన్‌ను బట్టి మారుతుంది. కంపెనీ మాన్యువల్‌లోని అంకెనే పట్టుకోవాలి.

సరిచేసే ముందు పంపు ఫ్లాంజి మీద, ఇంజిన్ మీద కలిపి ఒక గీత గీస్తే వెనక్కి రావడానికి దారి ఉంటుంది. ఫ్లాంజి నట్లు వదులు చేసి పంపు ఒంటిని షాఫ్టు తిరిగే దిక్కుకు ఎదురుగా జరిపితే టైమింగ్ ముందుకొస్తుంది, అదే దిక్కుకు జరిపితే వెనక్కి పోతుంది. నట్లు బిగించాక బొట్టు పరీక్ష మళ్లీ చేసి, డెలివరీ వాల్వు పెట్టి, లైన్‌లోని గాలి తీసేస్తారు. చివరి పరీక్ష లోడుతో, ఎత్తు మీద: నాక్ లేకుండా, తెల్లపొగ లేకుండా బండి లాగితే టైమింగ్ కుదిరినట్టే.