చలిలో దాగిన బలము

1995 జనవరిలో మన కోనసీమయందలి పాశర్లపూడివద్ద ఒక బావినుండి గ్యాసు పెల్లుబికి, రెండు నెలలకు పైగా మండినది. మీ పెద్దలలో పలువురు ఆ జ్వాలలను చూచియే యుందురు. అణగియున్న వాయువునకు ఎంతటి బలముండునో నాడు మనకు తెలిసివచ్చినది. మంచుకంటె ఎంతయో చల్లనైన ద్రవమునందును అట్టి బలము దాగియుండునన్నచో మీకు వింతగా తోచవచ్చును.

1911లో హాలెండు శాస్త్రజ్ఞుడు కామర్లింగ్ ఓన్స్ పాదరసమును సున్నకు దిగువ 269 డిగ్రీల సెంటీగ్రేడువరకు చల్లబరచెను. అప్పుడు విద్యుత్తునకు దానియందు నిరోధమే లేకపోయెను. ఇట్టి పదార్థములను అతివాహకములందురు. నియోబియము, టైటానియము కలిపిన మిశ్రలోహపు తీగచుట్టలే నేడు ఆసుపత్రులలోని అనేక ఎం.ఆర్.ఐ. యంత్రములకు అయస్కాంతములు. వానిని చల్లగా నుంచునది ద్రవ హీలియము. నియోబియమును మన హైదరాబాదులోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్సులో తయారుచేయుచున్నారు.

ఇక అపాయమెక్కడ? తీగలో ఒక్కచోట కొంచెము వేడి పుట్టినను అచట నిరోధము తిరిగి వచ్చును. అంతట ప్రవహించు విద్యుత్తు వేడిగా మారును. ఆ వేడి పక్కలకు ప్రాకి, క్షణములలో చుట్టయంతయు అతివాహక గుణమును కోల్పోవును. హీలియము భగ్గున మరుగును. ఒక లీటరు ద్రవము గది వేడిమికి వచ్చుసరికి సుమారు 700 లీటర్ల వాయువగును. వెలుపలికి దారి లేనిచో పాత్ర పగులును. ఆవిరిదారి మూసుకొనిపోయిన కుక్కరు సంగతి మీరెరుగనిది కాదు. గదిలోనికి వెలువడిన హీలియమునకు రంగు లేదు, వాసన లేదు. అది గాలిని తరిమివేసి మనుష్యులకు ఊపిరాడకుండ చేయును.

2008 సెప్టెంబరు 19న జెనీవా చెంత సెర్న్ సంస్థవారి భూగర్భ సొరంగములో ఇట్టి ప్రమాదమే సంభవించినది. రెండు అయస్కాంతముల నడుమ అతుకు ఒకటి సరిగా లేకపోవుటచే మెరుపు పుట్టి హీలియము పాత్రకు రంధ్రము పడినది. టన్నులకొలది హీలియము వెలువడినది. రక్షక కవాటములు ఉన్నవి గాని అంతటి ఒత్తిడికి చాలలేదు. మహాభారములైన అయస్కాంతములు స్థానభ్రంశము చెందినవి. సొరంగములో ఎవరును లేకుండుటచే ప్రాణనష్టము కలుగలేదు. యంత్రము మరల నడచుటకు సంవత్సరమునకు పైగా పట్టినది. మరమ్మతులలో మరిన్ని కవాటములను అమర్చిరి.

కావున ఇట్టి యంత్రములకు విశాలమైన గొట్టమును ఆరుబయటివరకు వేయుదురు. తడిగాలి చొచ్చి, మంచుగా పేరుకొని ఆ దారి మూయకుండ చూచుదురు. ప్రాణవాయువు తగ్గినచో గంట మ్రోగు సాధనము నుంచుదురు. మామూలు ఇనుము అంతటి చలిలో పెళుసగును గనుక పాత్రలకు తగిన స్టెయిన్‌లెస్ స్టీలు వాడుదురు.

గోదావరికి గట్టు ఎంత యవసరమో, వరదనీరు పోవుటకు దారియు అంత యవసరము. బలమును బంధింపదలచినవాడు ముందుగా దానికొక దారి విడువవలెను.