మందు పడకపోవుట

వంకాయకూర యింటిల్లిపాదియు తిన్నను, ఒక్కరికి మాత్రము ఒడలెల్ల దురదలు పుట్టును. అప్పుడు "ఆమెకు వంకాయ పడదు" అని మానిపింతుమే కాని, నటించుచున్నదని యెవ్వరు ననరు. మనోవ్యాధికి వైద్యుడిచ్చిన మాత్రను మ్రింగిన కోడలు తల తిరుగుచున్నదనియు, పగలెల్ల మత్తుగా నున్నదనియు చెప్పినచో మాత్రము, "ఇంత చిన్న మాత్రకేమగును? పని తప్పించుకొనుటకు నెపము" అను మాట వినబడును. సోదరీమణులారా, ఆ మాట యెంత యన్యాయమో శాస్త్రము చాలకాలము క్రిందటనే చూపినది.

స్వీడన్ దేశమున పరిశోధకులు కొందఱు కవలలకు నార్ట్రిప్టిలీన్ అను విషాదరోగపు మందును సమానముగా నిచ్చి, అది నెత్తుట నెంత నిలుచునో కొలిచి 1969లో ప్రకటించిరి. ఇతర మందులు వాడని యేకపిండ కవలలలో నా కొలత యించుమించు సమానముగా నుండెను. భిన్నపిండ కవలలలో నట్లు లేదు.

1975లో లండను నగరమున రాబర్ట్ స్మిత్ అను ఆచార్యుడు, రక్తపుపోటును తగ్గించు డెబ్రిసోక్విన్ అను మందును సహచరులతోపాటు తానును పుచ్చుకొనెను. ఆయనకు మాత్రము పోటు పడిపోయి, నిలువబడుటయే కష్టమయ్యెను. ఆ మందును విఱుచు శక్తి ఆయన దేహమున కొఱవడినదని తరువాత తేలినది. ఆచార్యుడు గనుక నందఱును నమ్మిరి. ఆయన స్థానమున నొక కోడలున్నచో నేమనియుందురో!

ఆ శక్తి కాలేయములోని ఎంజైములది. సీవైపీ2డీ6, సీవైపీ2సీ19 అను రెండు ఎంజైములు మనోవ్యాధుల మందులను పెక్కింటిని విఱుచును. తలిదండ్రులనుండి వచ్చిన జన్యువులనుబట్టి యివి కొందఱిలో మందముగాను, కొందఱిలో మిక్కిలి వడిగాను పనిచేయును. మందమైనచో మందు నెత్తుట పేరుకొనును. వడియైనచో గుణము చూపకముందే పోవును. ఉమ్మినిగాని నెత్తురునుగాని పరీక్షించి యీ భేదమును కనుగొందురు. సీవైపీ2సీ19 మందమైనవారికి సిటలోప్రామ్ దినమునకు 20 మిల్లీగ్రాములు మించవలదని అమెరికా ఔషధశాఖ సూచించియున్నది.

ఇంతకంటె భయంకరమైనది వేఱొకటి కలదు. మూర్ఛకును, ఉన్మాదవిషాదములు మాఱి మాఱి వచ్చు వ్యాధికిని వాడు కార్బమజెపీన్ వలన, అరుదుగా చర్మము బొబ్బలెక్కి యూడి ప్రాణముమీదికి వచ్చును. హెచ్‌ఎల్‌ఏ-బి 1502 అను జన్యుభేదము గలవారికి నీ యపాయమెక్కువ. ఆసియా సంతతివారిని మందు మొదలిడుటకు ముందే పరీక్షింపవలెనని ఆ శాఖయే 2007లో తెలిపెను.

మన తెలుగువారికి సంబంధించినదియు నొకటి కలదు. తీవ్రవిషాదమునకు మత్తిచ్చి విద్యుచ్చికిత్స చేయునపుడు, కండరములు సడలుటకు సక్సామిథోనియం ఎక్కింతురు. నిమిషములలో తొలగవలసిన దాని ప్రభావము ఆర్యవైశ్యులలో కొందఱికి గంటలకొలది తొలగదు. అంతవఱకు ఊపిరిని యంత్రముతో నడుపవలెను. దీనికి కారణమైన జన్యుభేదమొకటి 2006లో ప్రకటింపబడినది. ఇంటిలో నెవరికైన శస్త్రచికిత్సవేళ నిట్లు జరిగియున్నచో, మత్తువైద్యునికి తప్పక చెప్పవలెను.

అయినను, ఏ మందు మనస్సును తేర్చునో యీ పరీక్ష చెప్పజాలదు. చెప్పునని ప్రకటించు వ్యాపారులను నమ్మవలదని 2018లో అమెరికా ఔషధశాఖ హెచ్చరించినది. ఆ దేశపు మాజీ సైనికులు సుమారు 1,900 మందిపై జరిగిన పరిశోధన 2022లో వెలువడెను. పరీక్ష ననుసరించినవారికి పడని మందులు తక్కువగా నిచ్చిరి. కాని 24 వారముల కడపట, నయమైనవారి సంఖ్యలో చెప్పుకొనదగిన భేదము కానరాలేదు.

కావున పరీక్షాఫలము చేతికి రాగానే ఇంటివారే మాత్ర మానిపింపరాదు. హఠాత్తుగా మానుటయు బాధాకరమే. ఏ మాత్ర, ఎంత, ఏనాడు, ఏమైనది అని యొక పుస్తకములో వ్రాసి, ఆ ఫలముతోపాటు వైద్యునికి చూపుడు. ఆ కాగితమును పాఱవేయకుడు. జన్యువులు మాఱవు గనుక, పదేండ్ల తరువాత మఱియొక వ్యాధికి మఱియొక మందు వ్రాయునపుడును అది యక్కఱకు రావచ్చును.