పల్లపు స్థలంలో మా ఇల్లు

ఇల్లు కట్టి చూడమన్న పెద్దలు స్థలం ఎలా చూసుకోవాలో మాత్రం చెప్పలేదు. చెప్పివుంటే విశాఖపట్నంలో సింహాచలం కొండలకు దక్షిణపు వాలులో, 40 అడుగుల వెడల్పూ 60 అడుగుల పొడుగూ వున్న ఆ స్థలం నేను కొనేవాణ్ణి కాదేమో. చవగ్గా వస్తోందని కొన్నాను. ఎందుకు చవకో రిజిస్ట్రేషనైన మర్నాడే మా చిన్నవాడు తేల్చేశాడు. వాడు రోడ్డు వారగా నిలబడి చేతిలోని క్రికెట్ బంతిని నేలమీద పెట్టాడు. బంతి కాస్సేపు ఆలోచించింది. తర్వాత మెల్లిగా కదిలి, పరుగందుకుని, తుప్పల మధ్య గెంతుకుంటూ పోయి అవతలి హద్దురాయికి కొట్టుకుని ఆగింది.

"మన ఇంట్లో బంతి పోతే వెతుక్కోనక్కర్లేదు నాన్నా! ఎప్పుడూ అక్కడే వుంటుంది" అన్నాడు.

మా ఆవిడ నావైపు చూసింది. ఆ చూపు గురించి ఇక్కడ రాయను.

ఇక సలహాలు మొదలయ్యాయి. "పల్లం పూడ్చెయ్యండి, చదునుగా చేసి కట్టండి" అన్నవాళ్ళే నూటికి తొంభైమంది. నేనూ అదే అనుకున్నాను. కాని మా మేస్త్రి పాతకాలపు మనిషి. "ఎంత పల్లమో కంటితో చెప్పకూడదు బాబూ, నీళ్ళనడగాలి" అంటూ ఒక సన్నటి ప్లాస్టిక్ గొట్టం తెచ్చాడు. గొట్టంనిండా నీళ్ళు పోసి, ఒక కొస రోడ్డు దగ్గర తాను పట్టుకుని, రెండో కొస పది అడుగుల అవతల కుర్రవాడికిచ్చాడు. గొట్టం నేలమీద ఎన్ని వంకర్లు తిరిగినా రెండు కొసల్లోనూ నీళ్ళు ఒకే మట్టాన నిలుస్తాయి. అక్కణ్ణించి నేల ఎంత కిందికి వుందో కొలిస్తే అదే పల్లం. అలా పదేసి అడుగులకు ఒక మేకు పాతుకుంటూ పోయాడు. ప్రతి పదడుగులకూ ఇంచుమించు అడుగున్నర పల్లం తేలింది. అంటే రోడ్డు నుంచి వెనక హద్దుకు 9 అడుగులు.

ఆ రాత్రి గళ్ళ కాగితంమీద మేకులన్నీ గుర్తులు వేసి, ఒకే ఎత్తులో వున్నవాటిని గీతలతో కలిపాను. గీతలన్నీ తూర్పు పడమరలుగా నడిచాయి. వాలు స్థలం కొన్నవారికి నేను మొదట చెప్పేది ఇదే. ఇంటి ప్లానుకు ముందు నేలకు ప్లాను గీయించండి. అది లేకుండా గీసిన ఇల్లు కాగితంమీదే నిలబడుతుంది.

తర్వాత లెక్క వేశాను. స్థలం మొత్తం రోడ్డు మట్టానికి పూడ్చాలంటే 40ని 60తోనూ, దాన్ని 9తోనూ హెచ్చించి సగం చెయ్యాలి. 10,800 ఘనపుటడుగుల మట్టి. మట్టి బేరంలో నూరు ఘనపుటడుగులు ఒక యూనిట్. అంటే సరిగ్గా 108 యూనిట్లు! పూజకు అష్టోత్తరం విన్నాను గాని, మట్టికి అష్టోత్తరం అదే మొదటిసారి వినడం.

డబ్బు సంగతి అలా వుంచండి. పూడ్చిన మట్టి వెంటనే నిలకడకు రాదు, ఏళ్ళ తరబడి కుంగుతూనే వుంటుంది. అందుకని పునాది ఎలాగూ ఆ మట్టినంతా దాటి అడుగునున్న అసలు నేలదాకా పోవలసిందే. పైగా ఆ మట్టి జారకుండా వెనక హద్దున 9 అడుగుల గోడ లేపాలి. మట్టి గోడను తోసే తోపుడు ఎత్తుతో సమానంగా పెరగదు. ఎత్తు రెట్టింపైతే తోపుడు నాలుగు రెట్లవుతుంది. అందులో నీళ్ళు చేరాయా, ఇక చెప్పనక్కర్లేదు. మా కింది వీధిలో ఒకాయన ఇలాగే పూడ్చి గోడ కట్టించాడు. గోడ చూడ ముచ్చటగానే వుండేది. నీళ్ళు బయటికి పోవడానికి దానికి ఒక్క కన్నమైనా పెట్టలేదు. ఒక వానాకాలం రాత్రి అది ఒరిగి, కిందనున్న రెండు స్కూటర్లమీద పడుకుంది. మనుషులెవరూ లేకపోవడం అదృష్టం.

"పూడ్చకపోతే తవ్వేయండి" అన్నవారూ వున్నారు. మా వైపు ఎర్రమట్టి ఎండలో గోడలా నిటారుగా నిలుస్తుంది. దాన్ని చూసి మోసపోకూడదు. నీళ్ళు తాగితే దాని పట్టు సడలిపోతుంది. 2024 ఆగస్టు ఆఖరున కుండపోత వానలో విజయవాడ మొగల్రాజపురంలో కొండచరియలు ఇళ్ళమీద విరిగిపడి ప్రాణాలు పోయిన సంగతి మరవగలమా?

పూడ్చకూడదు, నిలువునా తవ్వకూడదు. మరి ఏం చెయ్యాలి? ఒక యువ ఇంజనీరు దొరికాడు. నా గళ్ళ కాగితం చూసి అతని మొహం వికసించింది. బర్మింగ్‌హాంలో పుట్టి కేరళలో స్థిరపడిన లారీ బేకర్ కథ అతనే చెప్పాడు. ఆయన తిరువనంతపురం నాలంచిరలో రాతి వాలుమీద తన ఇల్లు కట్టుకున్నాడట. కొండను చెక్కి ఇల్లు పెట్టకుండా, కొండ ఎలా వుంటే ఇల్లు అలా సర్దుకుందట. "ఇంటి పొడుగు వైపు ఎత్తు గీతల వెంబడి పెట్టాలండీ. గీతలకు అడ్డంగా పెడితే తవ్వకమూ పెరుగుతుంది, ఖర్చూ పెరుగుతుంది" అన్నాడు.

వారం తిరక్కుండా ప్లాను తెచ్చాడు. ఇల్లు మూడు మెట్లుగా దిగుతుంది. పైమెట్టున హాలూ వంటిల్లూ. ఆరు మెట్లు దిగితే మధ్య మెట్టున అమ్మ గదీ దేవుడి గదీ. మరో ఆరు దిగితే మా పడక గదులు. వాటికి ఆనుకుని పెరడు. చెప్పొద్దూ, నేనా బొమ్మతో ప్రేమలో పడ్డాను. నలుగురికీ చూపించాను. మా ఆవిడకూ నచ్చింది. ఆఖరున అమ్మకు చూపించాను.

అమ్మకు డెబ్భై నాలుగేళ్ళు. ఆషాఢ పౌర్ణమి వస్తే సింహాచలం గిరిప్రదక్షిణం 32 కిలోమీటర్లూ చెప్పులు లేకుండా నడిచిన మనిషి. ఇప్పుడు మోకాళ్ళు పట్టేశాయి. కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, "బాగుంది నాన్నా" అంది. కాస్సేపాగి, "నా మంచం వంటింటి పక్కన వేసినా ఫరవాలేదురా. ఆ గది పిల్లల చదువుకు వుంచు" అంది.

ఆ మాట నాకు వెంటనే అర్థం కాలేదు. రాత్రి పడుకున్నాక అర్థమైంది. గది వద్దనడం లేదు, మెట్లు వద్దంటోంది. ఆ సంగతి నోటితో చెబితే నా మనసు కష్టపడుతుందని గదినే వదులుకుంటోంది.

మర్నాడు ఆదివారం. పొద్దుట లేచిందగ్గర్నుంచి అమ్మ వెనకాలే వుండి లెక్క పెట్టాను. తన గదిలోంచి వంటింటికి కాఫీకి, కూర తరగడానికి, పోపు మాడుతోందని కోడల్ని హెచ్చరించడానికి, హాల్లోకి పేపరుకు, గుమ్మంలోకి పూలమ్మికోసం! రాత్రి దీపం ఆర్పేలోగా 23 సార్లు తిరిగింది. కొత్త ప్లానులో ప్రతిసారీ ఆరు మెట్లెక్కాలి. రోజుకు 138, వారానికి 966. సింహాచలం మెట్లు వెయ్యంటారు. అంటే నేను మా అమ్మచేత వారం వారం అప్పన్న కొండ ఎక్కించబోతున్నానన్నమాట, అదీ మోకాళ్ళ నొప్పులతో!

సోమవారం ఇంజనీరు దగ్గరికి పోయి ఈ లెక్క చూపించాను. అతను బొమ్మ వంక విచారంగా చూసుకున్నాడు. కాని మంచివాడు. కాస్సేపటికి, "అయితే నేల చదును చెయ్యొద్దు సార్, నడక చదును చేద్దాం" అని కొత్త కాగితం తీశాడు.

ఇప్పుడు మేమున్న ఇల్లు ఆ కాగితంమీదిదే. కొలతలు చెబుతాను, ఎవరికైనా పనికి రావచ్చు. రోడ్డు వైపూ వెనక వైపూ పదేసి అడుగులు, పక్కలకు ఐదేసి అడుగులు వదిలితే ఇంటికి మిగిలింది 30 అడుగుల వెడల్పూ 40 అడుగుల లోతూ. దాన్ని ఎత్తు గీతల వెంబడి రెండు చీలికలు చేశాం. ఒక్కోటి 30 పొడుగు, 20 వెడల్పు. పై అంతస్తు రెండు చీలికలమీదా ఒకే మట్టాన పరుచుకుంది. రోడ్డుకు ఒక్క అడుగు ఎత్తు, అంతే. ఆ అడుగుకు కూడా మెట్లు లేకుండా గుమ్మందాకా సన్నటి వాలుబాట వేశాం. హాలు, వంటిల్లు, దేవుడి గది, అమ్మ గది, మా గది అన్నీ ఆ అంతస్తులోనే. అర్ధరాత్రి అమ్మ పిలిస్తే నాకు వినపడుతుంది.

ముందు చీలిక కింద మట్టి పోయలేదు. గోడలమీద పలక వేసి అడుగు బోలుగా వుంచేశాం. వెనక చీలిక కింద నేల అప్పటికే 4 అడుగుల 6 అంగుళాల నుంచి 7 అడుగుల 6 అంగుళాల దాకా దిగిపోయి వుంది. దాన్ని మరికాస్త తవ్వి 9 అడుగుల లోతుకు చదును చేసేసరికి పూర్తి ఎత్తు అంతస్తు ఒకటి దొరికింది. అందులో పిల్లల గదులు రెండు. తలుపు తీస్తే సరాసరి పెరట్లోకి అడుగు పెట్టవచ్చు. గదుల కింద తవ్విన మట్టి 18 యూనిట్లు. 108 కొనవలసింది పోయి 18 బయటికి పంపించాం. మట్టిని ఆపవలసిన గోడ కూడా 9 అడుగుల నుంచి నాలుగున్నరకు దిగింది. ఎత్తు సగమైతే తోపుడు పావు వంతేగా!

అయినా ఆ గోడను తేలిగ్గా తీసుకోలేదు. దాని వెనక కంకర నింపి, అడుగున నీళ్ళు పోయే గొట్టం వేశాం. రోడ్డుమీంచి వచ్చే వాననీరు ఇంటికి తగలకముందే పట్టుకోవడానికి ముందు హద్దు వెంబడి అడ్డకాలువ తీశాం. అది తూర్పు సందులోంచి మెట్లు మెట్లుగా దిగి వెనకనున్న గెడ్డలో కలుస్తుంది. కాలువకు మెట్లు ఎందుకంటే నీళ్ళ జోరు తగ్గడానికి. ఇంట్లో మెట్లు తీసేసి కాలువకు పెట్టామని మా ఆవిడ నవ్వుతుంది.

మరుగునీటి దగ్గర మాత్రం చిక్కొచ్చింది. మున్సిపల్ కాలువ రోడ్డున పైనుంది, పిల్లల స్నానాలగది కిందుంది. నీళ్ళు కొండెక్కవు గదా! అందుకని పెరట్లో సెప్టిక్ ట్యాంకు కట్టించాం. పల్లపు స్థలం కొనేవారు ఈ సంగతి ముందే చూసుకోవాలి.

ఇక వాస్తు. నైరుతి పల్లమని సిద్ధాంతిగారు పెదవి విరిచారు. పూడ్చి తీరాలన్నారు. 108 యూనిట్ల సంగతి విన్నవించాను. ఆయన కాస్సేపు కళ్ళు మూసుకుని, "నైరుతి మూల ఏం వస్తోంది?" అన్నారు. మెట్ల గది, దానిమీద నీళ్ళ ట్యాంకు అన్నాను. "నీళ్ళ తొట్టి?" "ఈశాన్యంలో, బోలు కింద." "ఇంకేం! నేల పల్లమైతేనేం, బరువూ ఎత్తూ నైరుతిలోనే వున్నాయి" అని తాంబూలం అందుకున్నారు. పల్లం దక్షిణానికి కావడంవల్ల మాకు కలిగిన లాభం వేరే వుంది. వేసవి పొడుగునా విశాఖలో గాలి ఎక్కువగా నైరుతినుంచే వీస్తుంది. మా కింద ఇళ్ళు పల్లంలో వుండడంచేత ఆ గాలికి అడ్డులేదు. దక్షిణాన పొడుగాటి వరండా వేసి, దాని కప్పు కాంక్రీటుతో పోయించాం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానులో రేకులు ఎగరడం కళ్ళారా చూసినవాళ్ళం.

అన్నీ కుదిరాయి గాని అమ్మకు పెరడు దూరమైంది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి పొద్దున్నే పెరట్లోకి పోయి నాలుగాకులు తుంచి తెచ్చుకోవడం ఆవిడ అలవాటు. కుర్చీబండి పోయేటంత సుఖమైన వాలుబాట కావాలంటే అడుగు పల్లానికి 12 అడుగుల పొడుగు వుండాలి. 9 అడుగులకు ఎంత? మళ్ళీ 108! వున్న స్థలమే 60 అడుగులు. నేను కాగితం పక్కన పడేశాను.

"పోనీలేరా, తులసికోట వరండాలో పెట్టించు, చాలు" అంది అమ్మ. తర్వాత వరండా చివర నిలబడి కిందికి చూస్తూ, "ఇక్కడ గోడకు కాస్త ఎడంగా ఒక మునగకొమ్మ పాతించు" అంది. ఎందుకో నేనడగలేదు.

గృహప్రవేశమై రెండేళ్ళయింది. వరండా నేల పెరటికి పదడుగుల ఎత్తు. మునగ ఎంత తొందరగా ఎదుగుతుందో మీకు తెలుసు. కింద నాటిన చెట్టు తల ఇప్పుడు మా వరండా కటకటాలకు ఆనుకుని ఊగుతోంది. చదును నేలమీద మునక్కాడ కోయాలంటే నిచ్చెనో దోటీయో కావాలి. మా అమ్మ కుర్చీలోంచి లేచి, మెడైనా ఎత్తకుండా చెయ్యి చాచి కోసుకుంటుంది.

దాని పక్కనే కరివేపాకు మొక్క కూడా వేయించింది. అది ఇంకా కింది కిటికీ దాకే వచ్చింది. రోజూ కటకటాల దగ్గర నిలబడి అది ఎంతవరకొచ్చిందో చూసుకుంటుంది. చిన్నవాడి బంతి మాత్రం ఎప్పుడు పోయినా ఆ వెనక హద్దురాయి దగ్గరే దొరుకుతోంది.