ఊటల వెంట ఒక పూట: బీదర్ పీఠభూమి అంచున కుటుంబ నడక

రాయలసీమ నుండి వచ్చినవారికి గండి అనగానే గండికోట గుర్తుకు వస్తుంది. అక్కడ పెన్నా నది కొండను చీల్చుకొని, నిలువుగా తెగిన రాతిగోడల నడుమ ప్రవహిస్తుంది. ఆ అందమంతా గట్టు మీద నిలబడి కిందికి చూడడంలోనే ఉన్నది. చంటిపిల్లలతోనూ వృద్ధులతోనూ నీటి అంచు వరకు దిగడం సులభం కాదు. బీదర్‌లో అటువంటి లోతైన గండి లేదు. ఇక్కడ ఉన్నవి పీఠభూమి అంచున ఒదిగిన చిన్న లోయలు, వాటిలో రాతి నుండి ఊరి వచ్చే నీరు. నగరంలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకూ, చిమ్కోడ్ వంటి పరిసర గ్రామాలలో ఉంటూ పనుల నిమిత్తం నగరానికి వచ్చిపోయేవారికీ ఒక ఆదివారం ఉదయం గడపడానికి ఈ లోయలు చాలును.

బీదర్ స్థలనామాలలో ‘ఝీరా’, ‘ఝరణి’ అన్న మాటలు వినబడుతూ ఉంటాయి. రెండింటికీ అర్థం ఊట. జహీరాబాదు వైపు నుండి వచ్చినవారికి ఇది కొత్త మాట కాదు. కేతకీ సంగమేశ్వరస్వామి వెలసిన ఝరాసంగం పేరులో ఉన్న ‘ఝరా’ కూడా ఇదే.

ఇంత ఎత్తైన చోట ఊటలు ఎక్కడివి? సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉన్న ఈ నగరం ఎర్రని లాటరైట్ రాతి మీద నిలిచి ఉన్నది. ఆ రాతికి అడుగున నల్లరాయి ఉన్నది. అది దాదాపు ఆరున్నర కోట్ల ఏళ్ళ క్రితం దక్కనులో పొరలు పొరలుగా పారి గడ్డకట్టిన లావా. ఆ నల్లరాయి పైభాగమే ఎండకూ వానకూ యుగాల తరబడి శిథిలమై, కరిగేవన్నీ కరిగిపోగా, ఇనుము, అల్యూమినియం మిగిలి ఎర్రరాయిగా మారింది. కేరళలో ఇటువంటి రాతిని ఇటుకలుగా కోసి ఇళ్ళు కట్టుకోవడం చూసి, ఫ్రాన్సిస్ బుకానన్ 1807లో దీనికి లాటరైట్ అని పేరు పెట్టాడు. ‘లేటర్’ అంటే లాటిన్ భాషలో ఇటుక. తవ్వినప్పుడు మెత్తగా తెగి, గాలి తగిలిన తరువాత గట్టిపడడం దీని గుణం. బీదర్ కోట చుట్టూ మూడు వరుసల కందకాన్ని రాతిలోనే తొలచగలగడానికి ఈ గుణం తోడ్పడింది.

ఎర్రరాయి నిండా రంధ్రాలే. జల్లెడ కింద పళ్ళెం పెట్టినట్టు ఊహించండి. వాన నీరు ఎర్రరాతిలో ఇంకి దిగుతుంది. అడుగున ఉన్న బంకమట్టి, నల్లరాయి దానిని ఇంకా కిందికి పోనివ్వవు. ఆ నీరు పక్కకు పాకి, పీఠభూమి తెగిన అంచున ఊటగా బయటపడుతుంది. లోయ గోడలో ఎర్రరాయి ముగిసి నల్లరాయి మొదలయ్యే చోటును పిల్లలకు చూపించండి. తడి, నాచు, పచ్చదనం ఎక్కువగా అక్కడే కనిపిస్తాయి.

నడకను పాపనాశ్ లోయలో ఆరంభించడం మేలు. శివాలయం, దాని పాదాన ఊటనీటి కుంట, చుట్టూ చెట్లు ఉన్న చోటు ఇది. ఇక్కడి లింగాన్ని లంక నుండి తిరిగి వస్తూ శ్రీరాముడు ప్రతిష్ఠించాడని ప్రతీతి. కుంట గట్టున పెద్దలు కూర్చోవచ్చు. పిల్లల చేయి మాత్రం వదలరాదు, నాచు పట్టిన మెట్లు జారుతాయి. అక్కడి నుండి ఆటోలో గురునానక్ ఝీరాకు వెళ్ళవచ్చు. గురునానక్ ఈ ప్రాంతానికి వచ్చినప్పుడు, మంచినీటి కోసం అలమటిస్తున్న జనాన్ని చూసి, పాదంతో రాతిని కదిలించగా ఊట పుట్టిందని సిక్కుల విశ్వాసం. తల కప్పుకొని, పాదరక్షలు విడిచి ఎవరైనను లోనికి వెళ్ళవచ్చు. లంగరులో భోజనం అందరికీ ఉచితం. పిల్లలతో వచ్చినవారికి ఇది ఎంత సౌకర్యమో చెప్పనక్కరలేదు.

నరసింహ ఝరణి సంగతి వేరు. అక్కడ దైవదర్శనానికి చీకటి సొరంగంలో, ఛాతీ లోతు నీటిలో నడవాలి. పైకప్పుకు గబ్బిలాలు వేలాడుతుంటాయి. భక్తులకు అది మహానుభవమే కావచ్చు గాని కుటుంబ నడకలో చేర్చవలసినది కాదని మా అభిప్రాయం. చిన్నపిల్లలను, శ్వాస ఇబ్బందులు ఉన్నవారిని లోనికి తీసుకొని వెళ్ళవద్దు.

చివరిగా నౌబాద్ వద్ద ఉన్న కరేజ్. 15వ శతాబ్దంలో, బహమనీల కాలంలో, ఇరాన్ పద్ధతిలో భూమి అడుగున తవ్విన నీటి కాలువ ఇది. ఊటనీటిని స్వల్పమైన వాలు మీదుగా, ఏ యంత్రమూ లేకుండా నడిపిస్తుంది. పైనుండి చూస్తే వరుసగా గాలిబావులు కనిపిస్తాయి. అవి 21 అని లెక్క. తెలియనివారు వీటిని పాడుబావులని భ్రమించి చెత్త వేస్తారు. ఒక్క గాలిబావి పూడినా కాలువ ప్రవాహం ఆగిపోవచ్చు. కాపు లేని గాలిబావి వద్దకు పిల్లలను పోనివ్వరాదు.

మనం ఇళ్ళు కట్టుకుంటున్నది ఆ జల్లెడ మీదనే. వానను ఇంకనిచ్చే రాయి మురుగునూ ఇంకనిస్తుంది. అడుగు కట్టని సెప్టిక్ గుంట, పాత బావిలో వదిలిన మురుగు, ఖాళీ స్థలంలో పారబోసిన రసాయనాలు కాలక్రమంలో ఊటకు చేరుతాయి. విచ్చలవిడిగా వేసిన బోరుబావులు పళ్ళెంలోని నీటినే లాగివేస్తాయి. కొత్తగా ఇల్లు కట్టుకొనేవారు వాన నీటికి ఇంకుడుగుంత వేరుగా, మురుగుకు గట్టి అడుగుగల గుంట వేరుగా ఉండునట్లు చూసుకోవాలి. పైకి కనబడదు గనుక మేస్త్రీలు ఈ విషయంలో ఉదాసీనులుగా ఉంటారు. పని జరిగేటప్పుడే దగ్గరుండి చూడడం మంచిది.

పీఠభూమి ఉత్తరపు వాలున దిగిన నీరు మంజీరను చేరుతుంది. ఆ నది ఇక్కడి నుండి సంగారెడ్డి జిల్లాలో ప్రవేశించి, హైదరాబాదుకు తాగునీరు అందించిన సింగూరు జలాశయాన్నీ, 1931లో పూర్తయిన నిజాంసాగర్‌నూ నింపి, నిజామాబాదు జిల్లా కందకుర్తి వద్ద గోదావరిలో కలుస్తుంది. 1956 నవంబరు 1 వరకు బీదరూ ఆ దిగువ ఊళ్ళూ ఒకే హైదరాబాదు రాష్ట్రంలో ఉండేవి. రాష్ట్రాలు వేరైనా నీటి దారి మారలేదు. మీరు ఇక్కడ వదిలినది అక్కడ ఉన్న మీ అన్నదమ్ముల కడవలోకి పోవచ్చును.

నదిని కూడా చూడదలచినవారు గట్టు మీది నుండే చూడాలి. దిగువన మంజీర అభయారణ్యంలో మొసళ్ళు ఉన్నాయి. అవి జిల్లాల హద్దులు ఎరుగవు. ఈత కొట్టడం, పిల్లలకు నది నీటిలో స్నానం చేయించడం మానుకోవాలి.

వానలు వెనుదిరిగిన అక్టోబరు చివరి నుండి ఫిబ్రవరి వరకు ఈ నడకకు తగిన కాలం. ఊటలలో నీరు ఉంటుంది, ఎండ బాధించదు. పట్టు గల చెప్పులు వేసుకొని, తాగే నీరు ఇంటి నుండే తెచ్చుకోండి. లోయలోని ఊటనీరు ఎంత తేటగా ఉన్నా కాచకుండా పిల్లలకు పట్టవద్దు. ఉదయం ఏడు గంటలకు బయలుదేరితే మధ్యాహ్న భోజనానికి లంగరుకు చేరుకోవచ్చును.